బృందావనమున బాలశిక్ష

శ్రీమద్భాగవత దశమస్కంధమున 22వ అధ్యాయము చివర ఒక చిన్న ఘట్టము కలదు. వేసవి యెండలో గోవులను మేపుచు దూరము వెళ్ళిన శ్రీకృష్ణుడు, గొడుగులవలె నీడనిచ్చు చెట్లను చూచి, స్తోకకృష్ణ శ్రీదామాదులను పేరుపేరున పిలిచి చూపించును. గాలివానలను, ఎండను, మంచును తాము సహించి ఇవి మనలను కాచుచున్నవనియు, ఆకు, పూవు, పండు, వేరు, బెరడు, కట్టె, కడకు బూడిద సైతము ఇచ్చుచున్నవనియు బోధించును. సాందీపని యొద్ద 64 కళలు నేర్చుట 45వ అధ్యాయపు కథ. వనమే ముందు, గురుకులము పిమ్మట!

నేటి బిడ్డలకు పరోపకారము పరీక్షలో అర్థము వ్రాయవలసిన పదము మాత్రమే. ఎండ తగులని బిడ్డకు నీడ విలువ యెట్లు తెలియును? ఆరుబయట వెలుతురులో ఎక్కువగా ఆడుకొను పిల్లలకు హ్రస్వదృష్టి తక్కువగా కలుగునని నేత్రవైద్యులును చెప్పుచున్నారు. సెలవునాడు వారిని చెరువుగట్టున రావిచెట్టు క్రిందికి తీసికొనిపోయి, ఈ ఘట్టమును అచ్చటనే చదివి వినిపింపుడు.