పంకజం – పంకం

తామరకు మన భాషలో పేర్లెన్నో ఉన్నాయి. జలజం, నీరజం, సరసిజం, పంకజం. అన్నీ దాని పుట్టుకను చెప్పేవే. బురదలో పుట్టింది కనుక పంకజమన్నారు. ప్రకృతి శాస్త్రజ్ఞుడు ఈ వ్యుత్పత్తితో తృప్తి చెందడు. తామర బురదలో పుట్టడమే కాదు, బురదను పుట్టిస్తుంది కూడా అంటాడు. ఈ మాట బోధపడితే చెరువు జీవితచరిత్ర బోధపడినట్లే.

కొత్తగా ఏర్పడిన మడుగులో మొదట కంటికి కనిపించని వృక్షప్లవకాలు వృద్ధి చెందుతాయి. అవి నశించి అడుగున చేరగా, వాననీరు తెచ్చిన ఒండ్రు వాటితో కలిసి మెత్తని పొరగా మారుతుంది. అందులో హైడ్రిల్లా వంటి మునిగి ఉండే మొక్కలు వేళ్లూనుతాయి. అవి నీటి కదలికను మందగింపజేసి మరింత ఒండ్రును నిలుపుతాయి. అడుగు పైకి లేచి లోతు తగ్గేసరికి తామర, కలువ ప్రవేశిస్తాయి. వెడల్పైన ఆకులను నీటిపై పరచి, ఎండను అడ్డగించి, తమకు చోటు సిద్ధం చేసిన మొక్కలనే కృశింపజేస్తాయి. కవులు ఈ సంగతి గమనించినట్లు లేదు! వాటి ఆకులు, కాడలు కుళ్లి నీరు మరింత పలుచనైనప్పుడు జమ్ము, తుంగ గట్టునుండి లోపలికి నడిచి వస్తాయి. క్రమంగా నేల ఆరి గడ్డి, పొదలు, చివరకు చెట్లు నెలకొంటాయి. దీనినే వృక్షానుక్రమం అంటారు.

అమెరికా వృక్షశాస్త్రజ్ఞుడు ఫ్రెడరిక్ క్లెమెంట్స్ 1916లో ప్రచురించిన గ్రంథంలో వృక్షసముదాయపు మార్పును ఒక ప్రాణి ఎదుగుదలతో పోల్చాడు. తరువాతివారు అంత నిశ్చితమైన క్రమాన్ని అంగీకరించలేదు. ఒక వరద, ఒక కరువు చాలు, కథ వెనుకకు మళ్లడానికి.

విద్యార్థులకు ఇక్కడొక సందేహం కలగాలి. చెరువు పూడిపోవడమే ప్రకృతి ధర్మమైతే, కాకతీయుల కాలంలో రేచర్ల రుద్రుడు నిర్మించిన రామప్ప చెరువు ఎనిమిది శతాబ్దాలుగా ఎలా నిలిచింది? చెరువు ఒక్కసారి కట్టి వదిలివేసేది కాదు. వేసవిలో నీరు తగ్గినప్పుడు రైతులు చెరువుల్లోని ఒండ్రును బండ్లకెత్తి పొలాలకు తోలేవారు. పొలానికి ఎరువు, చెరువుకు లోతు. ఆ అలవాటు సన్నగిల్లిన చోట జమ్ము పెరిగింది. తెలంగాణలో 2015లో ప్రారంభమైన మిషన్ కాకతీయ పూడికతీతను తిరిగి చేపట్టింది.

గుర్రపుడెక్క విషయం వేరు. దక్షిణ అమెరికానుండి వచ్చిన ఈ మొక్క వరుస క్రమం పాటించదు. వేళ్లు నేలను తాకనవసరం లేదు కనుక లోతుతో దానికి నిమిత్తం లేదు. మురుగునీరు, పొలాలనుండి కొట్టుకువచ్చే ఎరువులు దానికి ఆహారం. దట్టమైన దాని చాప క్రింద వెలుగు, ప్రాణవాయువు కొరవడి చేపలు చనిపోతాయి. శతాబ్దాలు పట్టే పూడికను కొద్ది సంవత్సరాలకు కుదించగల మొక్క అది. తీసి గట్టున వేసినంత మాత్రాన పని పూర్తి కాదు. మురుగు చేరే కాలువను మూయకపోతే మరుసటి ఏడు మళ్లీ అదే పని చేయవలసి వస్తుంది.