సీసీ డబ్బుతో ఏసీ కొనకు

ఒంగోలు

చి. కిరణ్‌కు,

నీ చీరల కొట్టుకు బ్యాంకు వాళ్లు 6 లక్షల క్యాష్ క్రెడిట్ (సీసీ) లిమిట్ ఇచ్చారని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. చాలా సంతోషం. ఆ డబ్బుతో కొట్టుకు ఏసీ పెట్టిస్తున్నావని కూడా చెప్పాడు. అందుకే ఈ ఉత్తరం.

నా బ్యాంకు సర్వీసులో సగం లోన్ల సీట్లోనే గడిచింది, కాస్త వినరా. ఏడాదికి 30 లక్షల అమ్మకాలుంటాయని నువ్వు చూపించావు. చిన్న వ్యాపారాలకు బ్యాంకులు వాడే నాయక్ కమిటీ లెక్కన అందులో 20 శాతం బ్యాంకు ఇచ్చింది. ఇంకో 5 శాతం, అంటే లక్షన్నర, నువ్వు పెట్టుకోవాలి. సరుకు కొని, అమ్మి, మళ్లీ కొనడానికి ఇచ్చిన డబ్బది. ఏసీకి పోస్తే గోడకే ఉండిపోతుంది, దసరా సరుకుకు చెయ్యి ఆడదు. ఏసీ కావాలంటే టర్మ్ లోను అడిగి నెలనెలా కట్టుకో. (చీరాలలో ఫ్యాను కింద చీరలు కొనడం ఎవరూ మానలేదనుకో.)

6 లక్షలూ ఎప్పుడంటే అప్పుడు తీయొచ్చనీ అనుకోకు. నెలనెలా స్టాకు స్టేట్‌మెంట్ ఇవ్వాలి. కొట్లో 8 లక్షల సరుకుండి, అందులో 2 లక్షలది అరువు తెచ్చిందైతే, మిగతా 6 లక్షల్లో 25 శాతం మార్జిన్ పోగా డ్రాయింగ్ పవర్, అంటే నువ్వు తీయగలిగేది, నాలుగున్నర లక్షలే. లేని చీరలు కాగితం మీద రాసిన షావుకార్లను చాలామందిని చూశాను. తనిఖీకి వెళ్తే నేను ఎదురుగా వేలాడే కొత్త చీరల జోలికి పోయేదాన్ని కాదు. అడుగు అరలో పెట్టెలు దింపించి మడతలు విప్పించేదాన్ని. మడత వెంట రంగు వెలిసిన చీరను లెక్కలోంచి కొట్టేసేదాన్ని.

వడ్డీ వాడుకున్న దాని మీదే, ఏ రోజు బాకీకి ఆ రోజు లెక్క. కాబట్టి గల్లాపెట్టె డబ్బూ, ఫోన్‌పే డబ్బూ ఏ రోజుకారోజు సీసీ ఖాతాలోనే పడాలి. 90 రోజులు జమలు లేకపోయినా, వడ్డీకి సరిపడా పడకపోయినా, బాకీ అన్నాళ్లూ లిమిట్ దాటి ఉన్నా మొండిబాకీ కింద రాసేస్తారు.

డైలీ ఫైనాన్స్ వాళ్ల గడప మాత్రం తొక్కకు. 9 వేలు చేతిలో పెట్టి, రోజుకు వంద చొప్పున 100 రోజులు వసూలు చేస్తారు. వెయ్యే కదా అనిపిస్తుంది, ఏడాది లెక్కన వడ్డీ 75 శాతం పైమాటే. పండగ సరుకుకు లిమిట్ చాలకపోతే కొన్నాళ్లకు పెంచమని మేనేజర్ని అడుగు. చెక్కు తిరిగొచ్చాక అడిగితే ఎవరూ వినరు, ముందే వెళ్లు.

మొదటి స్టేట్‌మెంట్ బ్యాంకులో ఇచ్చేముందు నాకు వాట్సాప్ చెయ్యి, చూసిపెడతాను. ఏసీకి అడ్వాన్సు ఇచ్చి ఉంటే ఇవాళే వెళ్లి వెనక్కి అడుగు.

మీ అత్తయ్య