పూర్తిగా డౌన్ అయిన కారు బ్యాటరీ: ఇంట్లో ఛార్జర్‌తో నిలబెట్టుకునే పద్ధతి

పనుల ఒత్తిడిలో బండి నెలల తరబడి షెడ్డులోనే ఉండిపోతుంది. ఒకరోజు కీ తిప్పితే చప్పుడే ఉండదు. "కొత్తది వెయ్యాల్సిందే" అంటారు. ప్రతిసారీ అక్కర్లేదు. పై వీడియోలో 8.4 వోల్టులకు పడిపోయిన నా 40 ఏహెచ్ కారు బ్యాటరీని ఛార్జ్ చేసి చూపించాను. వివరాలు ఇక్కడ రాస్తున్నా. ట్రాక్టర్ బ్యాటరీకీ ఇదే పద్ధతి.

లోపల ఏం జరుగుతుంది?

ఛార్జ్ దిగేకొద్దీ సీసం ప్లేట్ల మీద లెడ్ సల్ఫేట్ పేరుకుంటుంది. వెంటనే ఛార్జ్ పెడితే పోతుంది. వారాలు వదిలేస్తే గట్టిపడి కరెంటును లోపలికి రానివ్వదు. బీడువారిన నేలకు ఒక్కసారే నీళ్లు కడితే పైపైన పారిపోతాయి, మెల్లగా తడిపితేనే ఇంకుతాయి కదా! బ్యాటరీకీ అంతే. తక్కువ కరెంటు, ఎక్కువ సమయం.

ముందు పరీక్ష

మల్టీమీటర్ పెట్టి చూడండి:

- 12.6 వోల్టులు: ఫుల్
- 12.2: సుమారు సగం
- 11.8: దాదాపు ఖాళీ
- 10.5 కంటే తక్కువ: బాగా డౌన్, లేదా ఒక సెల్ పోయింది

డబ్బా ఉబ్బినా, పగిలినా ఛార్జ్ పెట్టొద్దు.

జాగ్రత్తలు

బండిలోంచి తీసేటప్పుడు ముందు మైనస్ వైరు, తర్వాత ప్లస్. ఛార్జింగ్‌లో హైడ్రోజన్ వస్తుంది, నిప్పురవ్వ చాలు పేలడానికి. గాలి ఆడే చోట పెట్టండి, దగ్గర్లో బీడీ, సిగరెట్ వద్దు. కళ్లద్దాలు, గ్లవ్స్ తప్పనిసరి. యాసిడ్ నేల మీద ఒలికితే వంటసోడా చల్లండి. ఒంటి మీద పడితే వెంటనే నీళ్లతో బాగా కడగండి.

మూతలున్న బ్యాటరీలో ప్లేట్లు బయటపడి ఉంటే, అవి మునిగేంత వరకే డిస్టిల్డ్ వాటర్ పోయండి. మిగతాది ఛార్జింగ్ అయ్యాకే. బోరు నీళ్లు వద్దు, అదనంగా యాసిడ్ అసలే వద్దు. సీల్డ్ బ్యాటరీని విప్పొద్దు.

ఛార్జర్ ఆన్ అవ్వకపోతే

చాలా ఆటోమేటిక్ ఛార్జర్లు వోల్టేజీ మరీ తక్కువుంటే బ్యాటరీ ఉన్నట్టే గుర్తించవు. అప్పుడు ఛార్జ్ ఉన్న ఇంకో 12 వోల్టుల బ్యాటరీని జంపర్ కేబుల్స్‌తో కలపండి: ప్లస్‌కి ప్లస్, మైనస్‌కి మైనస్. తర్వాత ఛార్జర్ తగిలించి స్విచ్ వెయ్యండి. 20, 30 నిమిషాలయ్యాక స్విచ్ ఆపి, మంచి బ్యాటరీని తీసేసి, మళ్లీ ఆన్ చెయ్యండి. క్లిప్పులు పెట్టినా తీసినా స్విచ్ ఆఫ్‌లోనే ఉండాలి.

ఎంత కరెంటు, ఎంతసేపు?

ఏహెచ్‌లో ఇరవయ్యో వంతు పెట్టండి. 40 ఏహెచ్‌కి 2 ఆంప్స్, 80 ఏహెచ్ ట్రాక్టర్ బ్యాటరీకి 4 ఆంప్స్. ఒక రోజు పైనే పడుతుంది. నాకు 30 గంటలు పట్టింది. తొందరపడి 10, 15 ఆంప్స్ పెడితే ప్లేట్లు వేడెక్కి పాడవుతాయి. గంటగంటకీ చెయ్యి వేసి చూడండి, బాగా వేడెక్కితే ఆపి చల్లారనివ్వండి. సీల్డ్ బ్యాటరీకి 14.4 వోల్టులు దాటనివ్వొద్దు. రాత్రి ఎవరూ చూడనప్పుడు ఆపెయ్యడమే మంచిది.

బతికిందా, లేదా?

ఛార్జర్ తీసి 12 గంటలు ఆగి కొలవండి. వెంటనే కొలిస్తే ఎక్కువ చూపించి మోసం చేస్తుంది. నాది 12.5 దగ్గర నిలిచింది, ఆరు సెల్స్‌లోనూ హైడ్రోమీటర్ 1.240 అటూఇటూగా చూపించింది. ఒక్క సెల్ మిగతావాటికంటే 0.050 తక్కువుంటే ఆ సెల్ పోయినట్టే. మొత్తం 10.5 దగ్గరే ఆగినా అంతే. స్టార్ట్ చేసేటప్పుడు 9.6 కిందికి పడితే దాన్ని నమ్ముకుని దూరం వెళ్లొద్దు.

నిలబడినా కొత్తదానంత బలం రాదు. ఇకపై బండి వాడనప్పుడు మైనస్ వైరు తీసెయ్యండి, నెలకోసారి ఛార్జ్ పెట్టండి.

స్ప్రేయర్‌లో లిథియం బ్యాటరీ ఉంటే ఈ పద్ధతి పనికిరాదు, దాని ఛార్జరే వాడండి.

చివరిగా ఒక్క మాట. పోయిన బ్యాటరీని పగలగొట్టి యాసిడ్ గట్టు మీద పారబొయ్యొద్దు. జీవామృతంతో నేలను బాగుచేసుకునే మనం అదే నేలలో సీసం కలపకూడదు. అది కుళ్లదు, పోదు. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాతవి వెనక్కి సేకరించే బాధ్యత తయారీదారులదే. డీలర్‌కి ఇచ్చెయ్యండి, కొత్తదాని ధరలో కొంత తగ్గిస్తారు కూడా.

మీ బ్యాటరీ రీడింగులు రాసి పంపండి, చూసి చెప్తాను.