ఆఫీసు కరెంటు పొదుపు: శనివారం సాయంత్రం మీటరుతో మొదలు

"విద్యుత్తును ఆదా చేయండి" అన్న స్టిక్కరు చాలా ఆఫీసుల్లో ఉంటుంది. దాని కిందే, మనిషి లేని గదిలో ఫ్యాను తిరుగుతుంటుంది. ఇంట్లో లైటు తీయనిదే పడుకోని మనిషి ఆఫీసులో ఎందుకు పట్టించుకోడంటే, బిల్లు తనకు రాదు, స్విచ్ తనది కాదు. మొదటిది మన చేతిలో లేదు. రెండోది మార్చొచ్చు. ముప్పై, నలభై మంది పనిచేసే చోట ఆ పని ఇలా నడపండి.

ముందు ఎవరికీ చెప్పకుండా మీటరు చూడండి. శనివారం సాయంత్రం 7కి తాళం వేశాక ఒకసారి, సోమవారం ఉదయం 9కి తలుపు తీసే ముందు ఒకసారి రీడింగ్ రాసుకోండి. మధ్య 38 గంటలు. సీటీ (కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్) మీటరైతే తేడాను బిల్లు మీది ఎం.ఎఫ్. (మల్టిప్లయింగ్ ఫ్యాక్టర్) అంకెతో గుణించాలి, లేకపోతే లెక్కంతా తారుమారు. తేడా 57 యూనిట్లు వచ్చిందనుకోండి. మనుషులే లేని ఆఫీసు గంటకు ఒకటిన్నర యూనిట్ కాల్చింది, అంటే 1500 వాట్లు ఆగకుండా నడిచాయి. సర్వరు, దాని ఏసీ, సీసీ కెమెరాలు, గేటు లైటు ఎలాగూ తప్పవు. మిగతాదేమిటో ఆ ఆదివారమే వాచ్‌మన్‌ని వెంటబెట్టుకుని ఒక చుట్టు తిరిగితే తెలిసిపోతుంది: వాటర్ కూలరు, మానిటర్ మాత్రమే ఆపేసిన కంప్యూటర్లు, బాత్‌రూమ్ ఎగ్జాస్ట్ ఫ్యాను.

సోమవారం మీటింగ్‌లో ఈ అంకె ఒక్కటే చెప్పండి. భూతాపం గురించి ఉపన్యాసం వద్దు. అటెండరునీ హౌస్‌కీపింగ్ వాళ్లనూ పిలవండి, గోడవార నిలబెట్టకుండా కూర్చోబెట్టండి. ఏ గదిలో ఏది వదిలేస్తారో మేనేజరు కంటే వాళ్లకే బాగా తెలుసు.

తర్వాత స్విచ్‌ల పని. నా లెక్కలో అసలు పని ఇదే. పన్నెండు స్విచ్‌ల బోర్డు ముందు నిలబడ్డవాడు ఏది దేనిదో తెలియక అన్నీ వేసేస్తాడు. ఒక్కోదాని పక్కన "కిటికీ వైపు లైట్లు", "అకౌంట్స్ ఫ్యాన్లు" అని తెలుగులో రాసి అంటించండి. ఎప్పుడూ ఆపకూడనివాటికి ఎర్ర చుక్క పెట్టండి. ఎర్ర చుక్క లేనిది ఎవరు ఆపినా ఎవరూ ఏమీ అనరని మేనేజరే స్వయంగా చెప్పాలి. కొత్తగా చేరిన కుర్రాడు లైటు తీయకపోవడానికి బద్ధకం కంటే భయమే ఎక్కువ కారణం. హాలు లైట్లన్నీ ఒకే స్విచ్ మీద ఉంటే ఎలక్ట్రీషియన్‌ని పిలిచి కిటికీ వరసను విడదీయించండి. పగటి వెలుగున్న చోట లైట్లెందుకు?

ఇక ఏసీ. స్టార్ లేబుల్ ఉన్న గది ఏసీలు 2020 నుంచి 24 డిగ్రీల దగ్గరే మొదలయ్యేలా వస్తున్నాయి. ఒక్క డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు తగ్గుతుందని బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ (బీఈఈ) అంచనా. 26 పెట్టి ఫ్యాను వేసుకుంటే చాలామందికి సరిపోతుంది. రిమోట్‌ను బీరువాలో దాచకండి, పంతాలు పెరుగుతాయి. సరిగ్గా గాలి కిందే కూర్చుని స్వెటర్ వేసుకునేవాళ్ల సీటు మార్చండి. జపాన్ ప్రభుత్వం 2005లో "కూల్ బిజ్" పేరుతో ఆఫీసుల్లో 28 డిగ్రీలు పెట్టమన్నప్పుడు, టై, కోటు వదిలేయమని కూడా చెప్పింది. మే నెలలో బాసు కోటు వేసుకొస్తే రిమోట్ 18కే పోతుంది మరి.

సాయంత్రం ఆపే పని వారానికొకరికి, పేరు రాసి అప్పగించండి. నెలనెలా రూపాయలు కాదు, యూనిట్లు బోర్డు మీద రాయండి, అదీ నిరుటి అదే నెలతో పోల్చి. మే నెలను డిసెంబరుతో పోలిస్తే లెక్క కుదరదు. మిగిలిన డబ్బులో కొంత అందరికీ కలిపి ఖర్చుపెట్టండి. ఒక్కరికే బహుమతి ఇస్తే మిగతావాళ్లు చేతులు ముడుచుకుంటారు.

మూడు నెలలయ్యాక మళ్లీ ఆ శనివారం రీడింగ్ తీయండి. ఆఫీసు మూసి ఉన్నప్పటి వాడకం తగ్గి, నెల యూనిట్లు మాత్రం పెద్దగా కదలకపోతే సిబ్బందిని ఇంకా అడగడం అన్యాయం. 75 వాట్ల పాత ఫ్యాన్ల బదులు 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లు కొనాల్సింది యాజమాన్యమే.