ఫోన్ స్ట్రోబ్ యాప్‌తో ఇంజన్ టైమింగ్ పెట్టొచ్చా? పాత జిప్సీ మీద నేను చేసి చూసింది

ప్లే స్టోర్‌లో ‘స్ట్రోబ్ లైట్’ అని వెతికితే బోలెడు యాప్‌లు వస్తాయి. ఫోన్ ఫ్లాష్ సెకనుకు ఎన్నిసార్లు వెలగాలో మనమే సెట్ చేసుకోవచ్చు. దీంతోనే ఇంజన్ ఇగ్నిషన్ టైమింగ్ చూసేయొచ్చు కదా, మళ్ళీ టైమింగ్ లైట్ కొనడం ఎందుకు దండగ అనుకున్నాను. మూడు వారాలు అదే నమ్మకంతో బండి నడిపాను. అప్పటికి పిస్టన్‌కు ఏమీ కాకపోవడం నా అదృష్టం, అంతే.

మాది పటాన్‌చెరు. వారమంతా పారిశ్రామికవాడలో షిఫ్టు, ఆదివారం వస్తే పాత కార్బ్యురేటర్ మారుతి జిప్సీ. మా చుట్టుపక్కల ఆఫ్‌రోడ్ బండ్లకు కొదవ లేదు. ఎద్దుమైలారం ఆర్డినెన్స్ ఫ్యాక్టరీలో సైన్యానికి సారథ్ యుద్ధ వాహనాలు చేశారు, జహీరాబాద్‌లో మహీంద్రా ట్రాక్టర్లు చేస్తారు. కానీ అవన్నీ డీజిల్. వాటికి స్పార్క్ ప్లగ్గే ఉండదు, డీజిల్ ఎప్పుడు చిమ్మాలన్నదే వాటి టైమింగ్. ప్లగ్గు టైమింగ్ చేత్తో తిప్పి నేర్చుకోవాలంటే 1985లో వచ్చిన 970 సీసీ జిప్సీ లాంటి డిస్ట్రిబ్యూటర్ బండే కావాలి.

అసలు టైమింగ్ ఎందుకు?

ప్లగ్గు కొట్టగానే పెట్రోల్ మొత్తం ఒకేసారి అంటుకోదు. మంట సిలిండర్ అంతా పాకడానికి సుమారు 2 మిల్లీ సెకన్లు పడుతుంది అనుకుందాం. పిస్టన్ పైకి వెళ్ళి కిందికి తిరిగిన కాసేపటికి ఒత్తిడి గరిష్ఠంగా ఉండాలి. అంటే పిస్టన్ పైకి చేరకముందే స్పార్క్ ఇవ్వాలి. ఎంత ముందు అన్నది క్రాంక్ డిగ్రీల్లో కొలుస్తాం.

చిన్న లెక్క. 900 ఆర్‌పీఎం దగ్గర క్రాంక్ ఒక మిల్లీ సెకనులో 5.4 డిగ్రీలు తిరుగుతుంది. 3000 దగ్గర 18 డిగ్రీలు. మంటకు పట్టే టైమ్ పెద్దగా తగ్గదు కాబట్టి స్పీడ్ పెరిగేకొద్దీ స్పార్క్ ఇంకా ముందుకు జరగాలి. డిస్ట్రిబ్యూటర్ లోపలి బరువులు, స్ప్రింగులు ఆ పని చూసుకుంటాయి. మనం పెట్టేది ఐడిల్ దగ్గర మొదలయ్యే అంకె మాత్రమే. నా బండి మాన్యువల్‌లో అది 10 డిగ్రీలు. మీ బండికి ఎంతో మీ మాన్యువల్ చూసే పెట్టండి.

స్పార్క్ మరీ ముందైతే నాకింగ్ వస్తుంది, పిస్టన్ దెబ్బ తింటుంది. మరీ ఆలస్యమైతే బండి లాగదు, మైలేజ్ పడిపోతుంది, సైలెన్సర్ వైపు వేడి పెరుగుతుంది. ఆఫ్‌రోడ్‌లో మొదటిదే ప్రమాదం. తక్కువ ఆర్‌పీఎం, ఎక్కువ లోడ్, రాళ్ళ మీద మెల్లగా ఎక్కడం: నాకింగ్ రావడానికి ఇంతకంటే ఏం కావాలి?

యాప్ చేసిన మోసం (కాదు, నేను చేసుకున్నది)

ఐడిల్ 900 అంటే సెకనుకు 15 చుట్లు. యాప్‌లో 15 హెర్ట్జ్ పెట్టి లైట్ వేశాను. గుర్తు మెల్లగా పక్కకు జరుగుతోంది. 14.9, 15.1 అంటూ సవరిస్తే చివరికి 10 దగ్గర నిలబడింది. సూపర్ అనుకున్నా. తర్వాత డిస్ట్రిబ్యూటర్ కొంచెం తిప్పితే ఇంజన్ ఇంకా హాయిగా తిరిగింది, గుర్తు మళ్ళీ పరుగెత్తింది. మళ్ళీ యాప్ సవరించి 10 దగ్గరికే తెచ్చాను. అలా రెండు మూడుసార్లు.

నర్సాపూర్ వైపు ఒక ఎత్తు మట్టిదారిలో లో-రేంజ్ వేసి ఎక్కుతుంటే రేకు డబ్బాలో గులకరాళ్ళు ఊపినట్టు చప్పుడు. ఇంజన్ వేడి మీద స్టార్ట్ చేస్తే స్టార్టర్ మోటార్ తడబడేది. ఇస్నాపూర్‌లో తెలిసిన మెకానిక్ అన్న దగ్గరికి తీసుకెళ్ళి ఫోన్ చూపించాను. ఆయన నవ్వి ఒకటే అడిగిండు: “తమ్మీ, ప్లగ్గు ఎప్పుడు కొట్టిందో నీ ఫోనుకు ఎట్ల తెలుస్తది?”

విషయం మొత్తం అదే. స్ట్రోబ్ యాప్‌కు ఇంజన్‌తో సంబంధం లేదు. దాని ఫ్లాష్ స్పీడు ఇంజన్ స్పీడుతో కలిస్తే గుర్తు ఎక్కడో ఒకచోట ఆగినట్టు కనిపిస్తుంది. ఆ చోటుకు, స్పార్క్‌కు లంకె లేదు. ఇండక్టివ్ టైమింగ్ లైట్ అలా కాదు. దాని క్లిప్ ఒకటో నంబర్ ప్లగ్ వైరుకు పెడతాం, ఆ వైరులో కరెంట్ పారిన ప్రతిసారీ లైట్ వెలుగుతుంది. అన్న లైట్ పెట్టి చూస్తే నాది దాదాపు 20. ఐడిల్‌లో అడ్వాన్స్ పెంచితే ఇంజన్ స్పీడ్ పెరిగి బాగుందనిపిస్తుంది, నేను పడింది సరిగ్గా అక్కడే.

స్లో మోషన్ వీడియో? అదీ లెక్కేశాను. 240 ఫ్రేమ్‌ల వీడియోలో రెండు ఫ్రేమ్‌ల మధ్య 900 ఆర్‌పీఎం దగ్గర క్రాంక్ 22.5 డిగ్రీలు తిరిగిపోతుంది. ఫ్లాష్ వెలగడంలో 10 మిల్లీ సెకన్లు లేటైనా 54 డిగ్రీల తేడా. ఫోన్‌తో అయ్యే పని కాదు.

సరిగ్గా పెట్టే పద్ధతి

ఇంజన్ వేడెక్కాక చేయాలి. పాయింట్ల సెట్ ఉన్న బండైతే పాయింట్ల గ్యాప్ ముందే సరిచేసుకోండి. గ్యాప్ మారితే టైమింగ్ కూడా మారుతుంది, అందుకే ఆ వరుస తిరగేయకూడదు. గుర్తు మీద వైట్‌నర్ చుక్క పెట్టండి. వ్యాక్యూమ్ పైపు తీసి మూయాలో వద్దో మాన్యువల్ చెప్పినట్టే చేయండి. ఐడిల్ స్పీడ్ చూడ్డానికి మాత్రం ఫోన్ పనికొస్తుంది: నాలుగు సిలిండర్ల ఇంజన్‌లో 900 ఆర్‌పీఎం అంటే సెకనుకు 30 పేలుళ్ళు, సౌండ్ ఎనలైజర్ యాప్‌లో 30, 60 హెర్ట్జ్ దగ్గర గీతలు వెతకండి.

డిస్ట్రిబ్యూటర్ బోల్టు చేత్తో తిప్పగలిగేంత మాత్రమే వదులు చేయండి. రోటర్ తిరిగే దిక్కుకు ఎదురు తిప్పితే అడ్వాన్స్, అదే దిక్కుకు తిప్పితే రిటార్డ్. డిస్ట్రిబ్యూటర్ క్రాంక్‌లో సగం వేగంతో తిరుగుతుంది కాబట్టి ఇక్కడ ఒక డిగ్రీ అంటే క్రాంక్ దగ్గర రెండు. వెంట్రుకవాసి కదపండి. బోల్టు బిగించాక ఇంకోసారి చూడండి, బిగించేటప్పుడే జరిగిపోతుంది. తర్వాత రేస్ ఇస్తూ చూడండి. గుర్తు అడ్వాన్స్ వైపు నెమ్మదిగా జరగాలి. జరగకపోయినా, గెంతినా లోపలి బరువులో స్ప్రింగులో పట్టేశాయని అర్థం.

ఒక్క జాగ్రత్త గట్టిగా చెప్తున్నా: స్ట్రోబ్ వెలుగులో తిరిగే ఫ్యాన్ ఆగినట్టు కనిపిస్తుంది. చెయ్యి, లైట్ వైరు, మెడలో ఐడీ కార్డు తాడు అన్నీ దూరంగా ఉంచండి. షెడ్డు తలుపు మూసి ఇంజన్ నడపొద్దు.

కొత్త పెట్రోల్ బండ్లలో ఈసీయూనే టైమింగ్ చూసుకుంటుంది. ఓబీడీ డాంగిల్ పెడితే యాప్‌లో కనిపించే డిగ్రీలు ఈసీయూ ఇచ్చిన ఆర్డర్ మాత్రమే, స్పార్క్ పడిందా లేదా అని కొలిచింది కాదు. ఇక నా జిప్సీని అన్న 10కి తెచ్చి పంపించాడు. ఐడిల్ కొంచెం తగ్గినట్టుంది కానీ ఆ మట్టిదారిలో మళ్ళీ ఎక్కించాను, గులకరాళ్ళ చప్పుడు లేదు. టైమింగ్ లైట్ ఇంకా నా దగ్గరే ఉంది, వచ్చే ఆదివారం తిరిగి ఇవ్వాలి.