గ్రూపులో రాసింది బయట పెట్టవచ్చా?

ప్రశ్న: 2024 బుడమేరు వరదలప్పుడు విజయవాడలో సహాయం చేసిన మా స్వచ్ఛంద బృందం వాట్సాప్ సందేశాలన్నీ దాచాం. చరిత్రగా మిగలాలని వెబ్‌సైట్‌లో పెట్టాలనుకుంటున్నాం. గ్రూపులో చెప్పాం, ఎవరూ వద్దనలేదు. సరిపోతుందా?

జవాబు: సరిపోదండీ. మౌనం అర్ధాంగీకారమన్నది పెళ్లిచూపుల్లో చెల్లుతుందేమో గానీ ఇక్కడ కాదు. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం సమ్మతి స్వేచ్ఛగా, ఫలానా పనికని తెలిసి, స్పష్టమైన చర్యతో ఇవ్వాలి. ఇచ్చినంత తేలిగ్గా వెనక్కి తీసుకునే వీలూ ఉండాలి. ఆ చట్టంలో ఆర్కైవులకు కొంత మినహాయింపు ఉంది, కానీ షరతులతో. దాన్ని నమ్ముకుని ముందుకు వెళ్లమని నేను చెప్పను. పైగా ఎవరు రాసిన సందేశంపై కాపీరైటు మామూలుగా వారిదే, గ్రూపు అడ్మిన్‌ది కాదు.

తెలుగు వికీపీడియా చర్చావేదిక అయిన రచ్చబండతో పోల్చి చూడండి. అక్కడ రాసేవారికి తాము రాసింది అందరికీ కనిపిస్తుందని, ఏ లైసెన్సు కింద విడుదలవుతుందో కూడా ప్రచురించేముందే తెలుస్తుంది. మీ వాళ్లు రాసింది మాత్రం పడవ కోసం, పాల ప్యాకెట్ల కోసం, ప్రచురణ కోసం కాదు.

అసలు చిక్కు గ్రూపులో లేనివారిది. ఫలానా ఇంట్లో డయాలసిస్ రోగి ఉన్నారు, ఇదీ నంబరు అని ఎవరో పెట్టి ఉంటారు. ఆ రోగిని ఎవరడిగారు? చిరునామాలు, ఫోన్లు, జబ్బుల వివరాలు, ఫొటోలు ముందే తీసేయండి. పేరు ఒక్కటే చెరిపితే చాలదు, వీధి పేరుతోనే ఇరుగుపొరుగు గుర్తుపడతారు.

తర్వాత ఒక్కొక్కరికీ వారి సందేశాలు చూపించి, రాతపూర్వకంగా అడగండి. జవాబు రాకపోతే వదిలేయండి. రాసినవారే తొలగించుకున్నవి ఎవరి ఫోన్లో మిగిలినా వాడకండి.