నీటిని గాచు పని యే శాఖది?

బోరు ఎండినప్పుడు మనము మొదట నిందించునది వానను. కొన్ని యేండ్లలో ఆ నింద న్యాయమే. కాని ఒకప్పుడు 150 అడుగులకే పడిన నీరు, అదే ఊరిలో, అదే వాన కురియుచుండగా, 600 అడుగులు త్రవ్వినను పడకున్న యెడల కారణమును ఆకాశమందు మాత్రమే వెదకుట చాలదు. కరెంటు ఆఫీసులో, అప్పులిచ్చు బ్యాంకులో, వడ్లు కొను కేంద్రములో, మన సహకార సంఘపు మినిట్సు పుస్తకములో గూడ ఆ కారణము కొంత కొంత వ్రాయబడి యున్నది. నీటిని, నేలను, గాలిని కాపాడుటకు వేరుగా నొక చట్టము చేసి యొక శాఖ కప్పగించి, తక్కిన శాఖలన్నియు తమ పాతత్రోవనే నడచినచో ఆ చట్టము కాగితముపైననే నిలుచును. కాపుదల నియమము కరెంటు నియమములో, అప్పు నియమములో, కొనుగోలు నియమములో చేరి యుండవలయును. ఈ నెల పాఠములో మేము వివరింపదలచినది ఇదియే.

ఇది మనకు క్రొత్త మాట కాదు. 1976లో జరిగిన 42వ సవరణచే రాజ్యాంగమున 48ఏ అధికరణము చేరినది. పర్యావరణమును, అడవులను, వన్యప్రాణులను కాపాడుటకు రాజ్యము యత్నింపవలెనని అది చెప్పుచున్నది. ఫలాని శాఖ యని చెప్పలేదు, రాజ్యమంతటికిని చెప్పినది. ఐరోపా దేశములును 1997 నాటి ఆమ్‌స్టర్‌డామ్ ఒడంబడికయందు, ఏ విధానమును నిర్ణయించునప్పుడైనను పర్యావరణ రక్షణమును అందులో కలుపవలెనని వ్రాసికొన్నవి. వ్రాసినదంతయు అచ్చట జరిగినదని మేము చెప్పము.

ఇక మన క్రింది నీటి లెక్క చూతము. తెలంగాణమునందును రాయలసీమయందును అధిక భాగము గట్టిరాతి నేల. డెల్టాలోని ఇసుకపొరలవలె అది నీటిని విరివిగా దాచుకొనజాలదు. పైనున్న మెత్తబడిన రాతిపొరలోను, దాని క్రింది పగుళ్లలోను మాత్రమే నీరు నిలుచును. అట్టి నేలలో కురిసిన వానలో లోనికి దిగునది సుమారు పదింట నొక పాలు. ఏటికి 700 మిల్లీమీటర్ల వాన కురియుచోట 70 మిల్లీమీటర్లు దిగిన దనుకొందము. ఎకరమనగా 4,047 చదరపు మీటర్లు గనుక, ఒక ఎకరము నేల ఏడాది మొత్తమున క్రిందికి దింపు నీరు సుమారు 2,83,000 లీటర్లు. యాసంగి వరికి 1,200 మిల్లీమీటర్ల నీరు పట్టునని లెక్కించినచో ఎకరమునకు 48,56,000 లీటర్లు కావలెను. ఒక ఎకరము యాసంగి వరికి 17 ఎకరములపై దిగిన వాన తోడవలసివచ్చినదన్నమాట. మడిలో పెట్టిన నీటిలో సగము మరల భూమిలోనికి ఇంకునని ఉదారముగా విడిచిపెట్టినను, 8 లేక 9 ఎకరముల వాన తప్పదు. చెరువులు, కుంటలు నిండిన యేట అవియు కొంత దింపును గాని, నిండని యేట?

రెండెకరముల రైతు బోరుక్రింద ఎకరము వరి నాటినప్పుడు అతడు తోడునది తన పొలమున కురిసిన నీరు మాత్రమే కాదు, ఇరుగుపొరుగు నేలలు దింపినది గూడ. ఆ ఇరుగుపొరుగువారును అట్లే నాటుదురు. అందుచే నొకరి బోరు కంటె నొకరి బోరు లోతునకు పోవును. వేరుశనగ వంటి ఆరుతడి పంటకైనచో 500 మొదలు 600 మిల్లీమీటర్లతో, అనగా ఎకరమునకు 20 మొదలు 24 లక్షల లీటర్లతో సరిపోవును.

ఈ చిక్కును గ్రహించియే 2002లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ నీరు, భూమి, చెట్ల చట్టము చేసినది. వాల్టా యని మనమందరము పిలుచునది ఇదియే. బావులను నమోదు చేయించుట, క్రొత్త బావికి అనుమతి పొందుట, బోరు త్రవ్వు యంత్రములను నమోదు చేయించుట, ప్రజల మంచినీటి బావికి 250 మీటర్ల లోపల వేరొక బావి త్రవ్వకుండుట మొదలగు నియమము లందున్నవి. చట్టము మంచిది. కాని రెండేండ్లు తిరిగి 2004 మే నెల వచ్చుసరికి వ్యవసాయమునకు ఉచిత విద్యుత్తు మొదలైనది.

ఉచిత విద్యుత్తు తప్పని మేము చెప్పుటలేదు. కాలువక్రింది రైతునకు ప్రభుత్వము తన సొమ్ముతో ఆనకట్ట కట్టి కాలువ త్రవ్వి నీరిచ్చినది. మెట్టరైతు తన అప్పుతో బోరు త్రవ్వి మోటారు దించుకొనినాడు. వానికి కరెంటు ఖర్చు తగ్గించుట న్యాయమే. తప్పు వేరొకచోట నున్నది. కరెంటు నిచ్చు శాఖ, ఈ ఊరిలో నీరు ఎంత లోతున నున్నదని అడుగలేదు. వాల్టాను నడపవలసిన అధికారులకు కరెంటు మీటపై అధికారము లేదు. కరెంటు అర్ధరాత్రి వచ్చునో తెల్లవారుజామున వచ్చునో తెలియని రైతు ఆటో స్టార్టరు బిగించుకొని పండుకొనెను. కరెంటు వచ్చినప్పుడెల్ల మోటారు తనంత తాను తిరిగెను, మడి నిండి నీరు పొరలిపోయెను. రైతును సోమరియనుట అన్యాయము. రాత్రివేళ పాములు తిరుగు గట్టుపై నడువలేక అతడు చేసికొనిన యేర్పాటది.

అటుపిమ్మట కెపాసిటర్లు పెట్టవలెను, ముద్రగల మంచి మోటార్లు వాడవలెను అను షరతులు వచ్చినవి. ఇవి కరెంటును పొదుపు చేయును; నీటిని కాదు. మంచి మోటారు అదే కరెంటుతో మరింత నీరు తోడును గదా. ఒక శాఖ తన సొత్తును కాపాడుకొనినంతమాత్రమున రెండవ శాఖ సొత్తు కాపాడబడదని ఇందువలన తెలియుచున్నది. తెలంగాణమున 2018 జనవరి 1వ తేది నుండి వ్యవసాయమునకు 24 గంటల కరెంటు ఇయ్యసాగిరి. దానికి ముందు ఆటో స్టార్టర్లు తీసివేయుడని ఊరూర చెప్పిరి. కరెంటు నియమములో నీటి ఆలోచన కొంతయైన చేరిన సందర్భమిది. కాని అది విన్నపమే గాని నియమము కాలేదు.

గుజరాతు వారు వేరొక త్రోవ త్రొక్కిరి. 2003లో మొదలిడి 2006 నాటికి ముగించిన జ్యోతిగ్రామ పథకమున ఊరి ఇండ్లకు వేరు ఫీడరు, పొలములకు వేరు ఫీడరు వేసిరి. ఇండ్లకు ఇరువదినాలుగు గంటల కరెంటు. పొలములకు దినమునకు 8 గంటలు, ముందుగా చెప్పిన వేళకు, తగ్గని వోల్టేజితో. ఎంత నీరు తోడవచ్చునో ఆ గంటలే నిర్ణయించినవి. ఈ పథకమున నీరు కొని సేద్యము చేయు కౌలుదార్లు కొందరు నష్టపడిరన్న మాటయు నున్నది, దానిని మరువరాదు. అయినను నీటి నియమమును స్విచ్చి దగ్గరకే తెచ్చిన దృష్టాంతముగా దీనిని మనము చదువదగును.

పంజాబు కథ మరింత బోధకరము. అచ్చటి రైతులు మే నెల యెండలలోనే వరి నాటుచుండగా భూమిలోని నీరు వేగముగా దిగిపోసాగినది. 2008లో అత్యవసర శాసనమును, 2009లో చట్టమును చేసి, మే 10వ తేదికి ముందు నారు పోయరాదనియు, జూన్ 10వ తేదికి ముందు నాటరాదనియు కట్టడి చేసిరి. వ్యవసాయపు పంచాంగములోనికే నీటి కాపుదల చేరినది. ఇంతవరకు మెచ్చవలసినదే. కాని నాటు వెనుకబడిన కోతయు వెనుకబడును. గోధుమ విత్తవలసిన గడువు మాత్రము కదలదు. నడుమ నున్న దినములు తగ్గిపోయినవి. కోతయంత్రము విడిచిన కొయ్యకాలును, గడ్డిని ఏరుటకు కూలీలు లేరు, కాలము లేదు. నిప్పు పెట్టుటయే సులభమైనది. అదియును గాలి స్తంభించి చలి దిగు అక్టోబరు చివరను, నవంబరునందును! ఆ పొగ ఢిల్లీ నగరమునకు పోయి జనుల ఊపిరి పట్టినది. పొగకు ఆ చట్టమొక్కటే కారణమనుట సరికాదు. వరిని గోధుమను మాత్రమే ఖాయముగా కొను పద్ధతియు, కోతయంత్రములును అంతకంటె పెద్ద కారణములు. అయినను నీటి కొరకు చేసిన చట్టము గాలిని తలపకపోయిన ఫలమును పంజాబు చూచినది.

2018లో కేంద్రప్రభుత్వము గడ్డిని కాల్చకుండ విత్తుటకు తగిన యంత్రములకు సహాయము ప్రకటించినది. విడిగా కొనిన రైతునకు సగము వెలయు, సహకార సంఘములు మొదలగు వానికి, అద్దెకిచ్చు కేంద్రము పెట్టుకొనినచో, నూటికి 80 వంతులును ఇచ్చిరి. ఒక్క రైతు పూనుకొనలేని యంత్రమును పదిమంది కలిసి వాడుకొనగలరని ఆ నియమము వ్రాసినవారికి తెలిసి యుండవలెను.

దూరపు కథలు చాలును. మన దగ్గరి దృష్టాంతము నొకటి చెప్పెదము. 2003 తరువాత అనంతపురము, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశము, మహబూబ్‌నగరు, నల్లగొండ జిల్లాలలోని కరవు గ్రామములలో, నెదర్లాండ్సు ధనసహాయముతోను ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ నిర్వహణతోను, రైతులే భూగర్భజలమును లెక్కించుకొను పథకము నడచినది. అందు నిషేధము లేదు. నీరు తగ్గించినవానికి సొమ్మును లేదు. వానకొలతపాత్ర నొకటి ఊరిలో పెట్టిరి. ఎంచుకొనిన బోర్లలో నీటిమట్టమును పక్షమున కొకసారి రైతులే, ఆడువారును మగవారును, కొలిచి గోడపై వ్రాసిరి. యాసంగికి ముందు అందరును కూర్చుండి, ఉన్న నీరెంత, వేయదలచిన పంటలకు పట్టునదెంత అని కూడి తీసివేసి చూచుకొనిరి. ఎవరు ఏ పంట వేయవలెనో ఎవరును శాసింపలేదు. కాని లెక్క కన్నులయెదుట నుండగా వరి మానినవారు పెక్కుచోట్ల కనబడిరి. ఆ పథకము ముగిసినది. ఆ పద్ధతిని వాడుకొనుటకు మన కెవరి సెలవును అక్కరలేదు.

2015లో తెలంగాణమున మొదలైన మిషన్ కాకతీయలోను ఇట్టి కలయిక యున్నది. 46,000కు పైబడిన చెరువులు, కుంటలు బాగుచేయ సంకల్పించి, పూడిక త్రవ్వు ఖర్చు ప్రభుత్వము భరించినది. ఆ ఒండును రైతులు తమ ఖర్చుతో పొలములకు తోలుకొనిరి. చెరువు లోతైనది, పొలము సారము పొందినది, చెరువు క్రింది బోర్లకు ఊట హెచ్చినది. ఒకే పని మూడు శాఖల పని చేసినది.

ఇక మన సంఘముల సంగతి. ఇచ్చట కొంచెము నిష్ఠురముగా మాటలాడవలసియున్నది. పెక్కు సంఘములు వడ్ల కొనుగోలు కేంద్రములు నడుపుచున్నవి. వడ్లకు ఖాయమైన వెలయు, ఊరిలోనే తూకమును ఉన్నప్పుడు, జొన్న, కంది, కొర్రలు వేసినవాడు సంచిని బండిలో వేసికొని దళారి యింటికి పోవుచున్నప్పుడు, నీరు పొదుపు చేయుడని మనమిచ్చు ఉపన్యాసమునకు విలువ యేమి? ఒడిషాలో 2017లో చిరుధాన్యముల పథకము పెట్టినప్పుడు విత్తనముతో ఆగలేదు. రాగులను ప్రభుత్వ వెలకు కొని చౌకడిపోలలో పంచిరి. ఆరుతడి పంటకు మన గోదాములో చోటును, తూకమును, తేమ కొలుచు యంత్రమును ఏర్పరచుటయే మన చేతిలోని నీటి చట్టము.

అప్పు విషయమున మరింత జాగ్రత్త కావలెను. నీటిని అతిగా తోడిన ప్రాంతములలో క్రొత్త బావికి అప్పు ఇయ్యరాదన్న పద్ధతి బ్యాంకులలో చిరకాలమునుండి యున్నది. అది సరియైనదే గాని, ఒంటరిగా విడిచినచో హాని చేయును. సంఘము కాదన్న సభ్యుడు వడ్డీవ్యాపారి కడకు పోయి హెచ్చు వడ్డీకి తెచ్చి మూడవ బోరు త్రవ్వును. అదియు ఎండినచో పొలమే పోవును. ఇట్లు పోయిన పొలములు ఏ ఊరివారికైనను తెలిసినవే. కనుక బోరుకు లేదన్న చేతితోనే, ఉన్న బోరు నీటిని పొదుపుగా వాడు పైపులకు, బిందుసేద్యపు సామగ్రికి, ఆరుతడి విత్తనమునకు అప్పు ఇయ్యవలయును. కాదనుట, ఔననుట రెండును ఒకే తీర్మానములో నుండవలెను.

బోరు అప్పు దరఖాస్తులో భూమి పత్రములు, జామీనుదారు పేరు అడుగుచున్నాము. ఇకమీదట మరి మూడు సంగతులు గూడ అడుగుడని మా సూచన: చుట్టుప్రక్కల నడచుచున్న బోర్లెన్ని, ఎండినవెన్ని, నీరు పడినచో వేయదలచిన పంట యేది. మంచినీటి బావి 250 మీటర్ల లోపల నున్నదా యని విచారించుట చట్టప్రకారము ఎట్లును తప్పదు.

బోరు ఎంత పోయుచున్నదో కొలుచుటకు ఇంజనీరు రానక్కరలేదు. 200 లీటర్ల డ్రమ్మును పైపు క్రింద పెట్టి గడియారము చూడుడు. 80 సెకండ్లకు నిండినచో గంటకు 9,000 లీటర్లు. దినమునకు 7 గంటల చొప్పున 110 దినములు తోడినచో 69,30,000 లీటర్లు. ఇంతకుముందు చెప్పిన లెక్కతో పోల్చినచో అది ఎకరమున్నర వరికిని చాలదు. వేరుశనగకైన మూడెకరములకు సరిపోవును. ఫిబ్రవరి, మార్చి నెలలలో పోత తగ్గును గనుక నవంబరు కొలతనే నమ్మి నాటరాదు.

నీటిమట్టమును కొలుచుటకు వాడుకలో లేని బోరు నొకదానిని ఎంచుకొనవలెను. ప్రక్క మోటార్లను ముందటి దినమునుండి ఆపించి, త్రాటికి బరువు కట్టి దింపి, తడిసిన గుర్తును బట్టి లోతు తీసి, వానలకు ముందు మే నెలాఖరునను, యాసంగికి ముందు నవంబరునను వ్రాసి యుంచవలెను. ఆ రెండంకెలను సంఘ కార్యాలయపు గోడపై, ఎరువుల వెలల పట్టిక ప్రక్కనే, ఎరువులకు వచ్చిన సభ్యులందరికిని కనబడునట్లు వ్రాయించుడు.